వరంగల్ ఎండతో టానరీ నీళ్లు శుద్ధి చేయొచ్చా? చేయొచ్చు, కానీ అన్నీ కాదు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. హనుమకొండకి దగ్గర్లో మూడెకరాలు ఉంది. రోజుకి అర టన్ను మేక, గొర్రె తోళ్లు శుద్ధి చేసే చిన్న టానరీ పెడదామనుకుంటున్నావు. సోలార్ ఏజెంటు ఒకాయన వచ్చి, "50 కిలోవాట్ల ప్యానెళ్లు వేయించి హీటర్లు పెట్టుకుంటే మురుగునీళ్లన్నీ ఆవిరైపోతాయి, చుక్క బయటికి పోదు" అని కొటేషన్ చేతిలో పెట్టి వెళ్లాడు. నమ్మొచ్చా అని నీ ప్రశ్న. అన్నా అని పిలిచావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నాను.

ఇరవై రెండేళ్లు టానరీల ఈటీపీల్లోనే, అంటే మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంట్లలోనే నా ఉద్యోగం గడిచింది, అందులో ఎక్కువ కాలం తమిళనాడు వాణియంబాడి వైపు. ఎండ మీద నాకు చాలా నమ్మకం. ఆ కొటేషన్ మీద మాత్రం లేదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే, కరెంటు బిల్లు యూనిట్లలో చెప్పాలంటే, సుమారు 0.67 యూనిట్ల వేడి కావాలి. ఇది ప్రకృతి పెట్టిన రేటు, ఏ కంపెనీ తగ్గించలేదు. ఒక కిలోవాట్ ప్యానెల్ మన దగ్గర సగటున రోజుకి 4 యూనిట్లు ఇస్తుంది. అంటే 50 కిలోవాట్లకి 200 యూనిట్లు. దాన్నంతా హీటర్‌లో పోస్తే ఆవిరయ్యేది 300 లీటర్లు, ఒకటిన్నర డ్రమ్ము. మామూలు పద్ధతిలో కిలో పచ్చితోలుకి 30 నుంచి 40 లీటర్ల నీళ్లు పడతాయి. తక్కువలో తక్కువ వేసుకున్నా నీ అర టన్నుకి రోజుకి 15,000 లీటర్లు. ఆ మొత్తాన్ని కరెంటు హీటర్లతో ఎగరగొట్టాలంటే 2,500 కిలోవాట్ల ప్యానెళ్లు, అవి పరవడానికే ఆరెకరాల పైన నేల కావాలి. నీకున్నది మూడు. ఆవిరినే మళ్లీ మళ్లీ వాడుకునే పెద్ద ఎవాపరేటర్లు ఉన్నాయి, వాటికి లీటరుకి ఇంత ఖర్చు కాదు. కానీ వాటికి బాయిలరు, చేయి తిరిగిన ఆపరేటరు, గొట్టాల్లో గట్టిపడే ఉప్పును గీకించే ఓపిక కావాలి. తమిళనాడులో పదుల టానరీలు కలిసి కట్టుకున్న ప్లాంట్లలో అవి నడుస్తాయి. అర టన్ను యూనిట్‌కి కాదు.

ఎండని కరెంటుగా మార్చి ఆ కరెంటుతో నీళ్లు మరిగించడమంటే ముక్కును తల చుట్టూ తిప్పి పట్టుకోవడమే. ప్యానెల్ ఎండలో అయిదో వంతే పట్టుకుంటుంది. అదే చదరపు మీటరు నేల మీద నీళ్లు పలచగా పోసి వదిలేస్తే, రోజుకి పడే ఐదు, ఐదున్నర యూనిట్ల ఎండ నేరుగా నీళ్ల మీదే పనిచేస్తుంది. కాగితం మీద ఎనిమిది లీటర్లు. నిజంగా అందులో సగం ఇచ్చినా ప్యానెల్ కంటే మేలే. మడిలో నీళ్లు ఆరబెట్టడం మనకి తెలియని విద్యేం కాదు.

అయితే మడిలో ఏ నీళ్లు పోస్తావన్నదే అసలు సంగతి. టానరీ నీళ్లు అంటే ఒకే రకం నీళ్లు కావు. తోళ్లు నానబెట్టిన నీళ్లలో ఉప్పు. సున్నం డ్రమ్ము నీళ్లలో సల్ఫైడు, కరిగిన వెంట్రుకలు. పికిల్ నీళ్లలో, అంటే క్రోమ్‌కి ముందు తోళ్లు ఊరబెట్టిన నీళ్లలో ఉప్పు, ఆమ్లం. తోలు కుళ్లకుండా క్రోమ్ పట్టించే డ్రమ్ము నీళ్లు ఆకుపచ్చగా, చూడ్డానికి అందంగా ఉంటాయి. ఆ తర్వాత కడిగిన నీళ్లు, రంగు నీళ్లు. ఇవన్నీ ఒకే కాలువలో కలిశాయంటే తర్వాత ఏ ఎండా, ఏ మిషనూ సరిగా పనిచేయదు. నువ్వు ఇంకా గోడ కట్టలేదు కాబట్టి చెబుతున్నాను. సోలార్ సంగతి తర్వాత, ముందు నాలుగు వేర్వేరు పైపులు వేయించు. కట్టిన తర్వాత నేల పగలగొట్టి పైపులు మార్చినవాళ్ల కష్టం నేను చూశాను.

ఎండకి ఇవ్వాల్సిన నీళ్లు ఉప్పు నీళ్లు, అంటే నానబెట్టినవి, పికిల్‌వి. ఎందుకంటే ఉప్పును బ్యాక్టీరియా తినదు, సున్నం పట్టదు, వడపోత ఆపదు. ట్రీట్‌మెంట్ అంతా అయ్యాక కూడా అది నీళ్లలోనే ఉంటుంది. బయటికి వదిలే నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న ఉప్పులు, లీటరుకి 2,100 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి దగ్గరే అందరూ తడబడేది. బీఓడీని, అంటే బ్యాక్టీరియా తినగల మురికి లెక్కని, 30కి తెచ్చినవాళ్లు కూడా అక్కడ ఆగిపోతారు.

ఇక మడి ఎంత కావాలి? నీ లెక్కకి నానబెట్టిన నీళ్లు 3,000, పికిల్ 500, మొత్తం 3,500 లీటర్లు. ఏడాదికి 300 పనిదినాలైతే పది లక్షల యాభై వేల లీటర్లు. మన దగ్గర తెరిచిన నీటి మీద ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకుందాం. ఉప్పు చిక్కబడేకొద్దీ నీళ్లు మొండికేస్తాయి, కాబట్టి నేను 1,400 మాత్రమే వేసుకుంటాను. ఆకాశం నుంచి వచ్చి పడేది దాదాపు వెయ్యి. మిగిలింది 400. అంటే చదరపు మీటరుకి ఏడాది మొత్తం మీద 400 లీటర్లే. నీ ఉప్పు నీళ్లకి 26 గుంటల మడి కావాలి. మొత్తం 15,000 లీటర్లూ మడిలోకే వదిలితే 110 గుంటలు దాటుతుంది, అంటే మూడెకరాల్లో షెడ్డు కట్టడానికి కూడా చోటుండదు. వేర్వేరు పైపులు ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇందులో మనల్ని ముంచేది వాన. ఏజెంట్లు ఎప్పుడూ మే నెల లెక్క చూపిస్తారు. నేను పనిచేసిన ఒక యూనిట్‌లో మడులు వేసవి లెక్కకే కట్టారు. ఏప్రిల్, మే నెలల్లో చూడముచ్చటగా నడిచింది, ఓనరు చుట్టాలకి కూడా చూపించేవాడు. వానలు ముదిరాక ఒక రాత్రి ఆగకుండా కురిసింది. పొద్దున వెళ్లి చూస్తే మడికి, గట్టుకి తేడా తెలియడం లేదు. పక్కన నాట్లు వేసి వారమైన పొలం, ఆ మొక్కలు మూడు రోజుల్లో మాడినట్టు ఎర్రబడ్డాయి. ఆ రైతు తిట్టలేదు. గట్టు మీద కూర్చుని నీళ్లు వేలితో ముట్టి నాలుక మీద పెట్టుకుని చూశాడు, అంతే. నష్టపరిహారం ఇచ్చారు, కానీ ఆ పొలం మళ్లీ దారికి రావడానికి రెండు పంటలు పట్టింది. అందుకని నీ మడులకి అడుగున్నర ఖాళీ గట్టు, చుట్టూ వాననీళ్లు లోపలికి రాకుండా వేరే కాలువ, నాలుగు నెలల ఉప్పు నీళ్లు దాచుకునే ట్యాంకు తప్పనిసరి. వీలైతే సగం మడుల మీద పాలీకార్బొనేట్ షీటు కప్పు వేయించు. పక్కలు తెరిచి ఉంచాలి. మూసేస్తే లోపల చెమ్మ నిండి, గాలి ఆడక ఆవిరి ఆగిపోతుంది.

ఏజెంటు ఇంకో మాట కూడా అన్నాడని రాశావు, మడుల మీదే ప్యానెళ్లు పరిస్తే చోటు కలిసొస్తుందని. ఇది విని నాకు నవ్వొచ్చింది. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు 2022 నుంచి నడుస్తోంది. నీళ్ల మీద ప్యానెళ్లు పరిస్తే నీళ్లు ఆవిరి కాకుండా మిగులుతాయని దాని లాభాల్లో ఒకటిగా చెబుతారు. మనకి కావాల్సింది దానికి పూర్తిగా తలకిందులు.

మడి నడపడం కూడా ఒక పనే, పోసి మరిచిపోయేది కాదు. నానబెట్టిన నీళ్లలో కొవ్వు, రక్తం, పేడ, వెంట్రుకలు ఉంటాయి. నేరుగా వదిలితే మధ్యాహ్నానికి పైన పాల మీద మీగడ కట్టినట్టు జిడ్డు పొర కడుతుంది. ఆ పొర ఉన్నంతసేపూ 44 డిగ్రీల ఎండ కాసినా నీళ్లు కదలవు, వాసన మాత్రం ఊరంతా పోతుంది. కాబట్టి ముందు జాలీ, తర్వాత జిడ్డు పట్టే గది, తర్వాత ఒక రోజు తేరనివ్వడం. లోతు నాలుగైదు వేళ్లు దాటొద్దు. చివర్లో ఉప్పు పైన అట్ట కడుతుంది, దాన్ని పదకొండు గంటల వేళ పారతో పగలగొడుతూ ఉండాలి. తుంపర కొట్టే స్ప్రింక్లర్లు పెడితే తొందరగా ఆరుతుందనేది నిజమే. కానీ గాలి తిరిగితే ఆ ఉప్పు తుంపర పక్కవాడి మిరపచేను మీద పడుతుంది. ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి తీసుకెళ్లే రైతుతో గొడవ పెట్టుకుని వరంగల్ జిల్లాలో ఎవరూ ఫ్యాక్టరీ నడపలేరు.

ఆరిన ఉప్పు ఏం చేయాలి? ఎవరూ ముందు చెప్పని ప్రశ్న ఇది. రోజుకి వంద కిలోలకి తగ్గకుండా వస్తుంది, ఏడాదికి 30 టన్నులు. మురికి ఉప్పు, కొనేవాడు ఉండడు. తమిళనాడులో షెడ్లలో గుట్టలు పేరుకుపోయిన యూనిట్లు నాకు తెలుసు. దీనికి ఉన్న మందు సోలార్‌లో లేదు, తోళ్లు దింపుకునే చోట ఉంది. పచ్చితోలు పాడవకుండా దాని బరువులో 40 శాతం దాకా ఉప్పు పట్టిస్తారు. నానబెట్టే ముందు చెక్క పట్టీల చట్రం మీద ఒక్కో తోలు నాలుగుసార్లు గట్టిగా దులిపితే ఉప్పు గింజలు కింద రాలిపడతాయి. ఇద్దరు కూలీల పని. రాలిన ప్రతి కిలో నీ మడిలోకి రాని కిలో. పొద్దున కోసిన తోళ్లు కబేళా నుంచి అదే రోజు ఉప్పు లేకుండా తెచ్చుకోగలిగితే ఇంకా మేలు. వరంగల్ చుట్టుపక్కల కొంతవరకైనా అది కుదురుతుంది.

ఇప్పుడు క్రోమ్. ఆ నీళ్లు ఒక్క చుక్క కూడా ఎండ మడిలోకి వెళ్లకూడదు. నీ స్కేలుకి రోజుకి 40 కిలోల క్రోమ్ పొడి వేస్తే, తోలు పట్టుకునేది 60, 70 శాతమే. మిగతా 12 నుంచి 16 కిలోలు నీళ్లలో పోతుంది. అది పొల్యూషన్ కంటే ముందు నీ డబ్బు. ఆ నీళ్లు వేరే ట్యాంకులో పట్టి, మెగ్నీషియం ఆక్సైడ్ కలుపుతూ పీహెచ్ 8.5 దాకా తెస్తే క్రోమ్ ఆకుపచ్చ బురదలా అడుగుకి దిగుతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున పైన తేట తీసేసి, బురదని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కరిగిస్తే మళ్లీ డ్రమ్ములో వాడుకోవచ్చు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్ఆర్ఐ వాళ్లు చెప్పే పద్ధతే ఇది, రెండు ట్యాంకులు, ఒక కలిపే మోటారు చాలు. దీన్ని చేయకుండా ఉప్పుతో కలిపి ఆరబెడితే ఆ ఉప్పు గుట్ట మొత్తం ప్రమాదకర వ్యర్థం కిందకి వస్తుంది. అప్పుడు లారీ మీద దుండిగల్‌లో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రం దాకా పంపించి, డబ్బు కట్టి దింపాలి. క్రోమ్ ఉన్న బురదను సున్నంతో కలిపి కాల్చడం అసలే వద్దు. తోలులో ఉండే క్రోమ్ త్రీ అంత హానికరం కాదు, కాలిస్తే అది క్రోమ్ సిక్స్ అవుతుంది, అది క్యాన్సర్ తెచ్చే రకం.

సున్నం నీళ్ల గురించి ఒక్క హెచ్చరిక. అవీ, పికిల్ నీళ్లూ ఎక్కడా కలవకూడదు. సల్ఫైడుకి యాసిడ్ తగిలితే కుళ్లిన గుడ్డు వాసన గ్యాస్ వస్తుంది. ఎక్కువైనప్పుడు ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు, మనిషి నిలుచున్నచోటే పడిపోతాడు. పడినవాణ్ని తీయడానికి దిగినవాడూ పడతాడు. సంపులోకి ఎవరినీ దించొద్దు. మూత కడిగే పని అయినా సరే.

మిగిలిన పదకొండున్నర వేల లీటర్లే అసలు ఈటీపీకి వెళ్లేవి. ఇక్కడ ప్యానెళ్లకి నిజంగా పని ఉంది. ఇందులో మురికి తినేది బ్యాక్టీరియా, వాటికి గాలి కావాలి. తేర్చిన తర్వాత బీఓడీ 1,500 ఉందనుకుంటే రోజుకి 17 కిలోల మురికి, దానికి పాతిక కిలోల ఆక్సిజన్. గాలి ఊదే బ్లోయరు యూనిట్ కరెంటుకి కిలో ఆక్సిజన్ కరిగించగలదనుకో, పాతిక యూనిట్లు. పంపులు, సల్ఫైడుకి పట్టే గాలి కలుపుకుని 40 యూనిట్లు. అంటే పది కిలోవాట్ల ప్యానెళ్లు, వెయ్యి చదరపు అడుగుల షెడ్డు కప్పు. యాభై కాదు.

దానికీ రెండు చిక్కులున్నాయి. బ్యాక్టీరియాకి రాత్రి కూడా ఊపిరి కావాలి, కాబట్టి బ్యాటరీల జోలికి పోకుండా కరెంటు కంపెనీ ఎన్పీడీసీఎల్ దగ్గర నెట్ మీటరింగ్ పెట్టుకో. పగలు మిగిలింది గ్రిడ్‌కి పోతుంది, రాత్రి తిరిగి వాడుకుంటావు. రెండోది చాలామందికి దెబ్బ తగిలాకే తెలుస్తుంది. గ్రిడ్‌కి కలిపిన ఇన్వర్టరు, కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా చేస్తారు. మిట్టమధ్యాహ్నం నెత్తిన ఎండ మండుతుంటే బ్లోయరు ఆగి ఉంటుంది. కాబట్టి చిన్న జనరేటరు ఉండాల్సిందే. ఇంకో మాట, ఎండ ముదిరితే కరెంటు పెరుగుతుందనుకోకు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ డిగ్రీకి 0.4 శాతం దాకా తగ్గుతుంది. మేలో ప్యానెల్ 65 డిగ్రీలకి చేరితే 15 శాతం పోయినట్టే. మనకి బాగా ఇచ్చేది ఫిబ్రవరి, మార్చి. ప్యానెళ్లని సున్నం డ్రమ్ములకి దూరంగా పెట్టించు, ఆ గ్యాస్ రాగి తీగల్ని నల్లగా తినేస్తుంది.

"సోలార్ ఫొటోక్యాటలిస్ట్‌తో క్షణాల్లో శుద్ధి" అనే వీడియో లింకు కూడా పంపావు. ఎండ తగిలితే మురికిని విరగ్గొట్టే పొడి అది. నాకు ఆ విద్య మీద గౌరవం ఉంది. ఓసారి ఇంజినీరింగ్ చదివే అమ్మాయి ఒకామె టైటానియం డయాక్సైడ్ పొడి వేసి, బీకరులో గోధుమరంగు నీళ్లు తెల్లబడేలా చేసి నాకు చూపించింది. నిజంగానే తెల్లబడ్డాయి. "ఈ నీళ్లు ఎంత పలచన చేశావమ్మా" అంటే యాభై రెట్లు అంది. అక్కడే ఉంది కిటుకు. ఆ పొడిని పనిచేయించేది ఎండలోని అతినీలలోహిత కిరణాలు, మొత్తం ఎండలో అవి నాలుగైదు శాతం. టానరీ నీళ్లు చాయ్ డికాషన్‌లా ఉంటాయి, ఆ కిరణాలు వేలెడు లోతు కూడా దిగవు. పైగా ఉప్పులోని క్లోరైడు ఆ రసాయన చర్యకి అడ్డుపడుతుంది. ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి చేసే ఫొటో-ఫెంటన్ ఇంతకన్నా నయం, స్పెయిన్‌లో అల్మేరియా దగ్గర ఎండ అద్దాలతో దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్నారు. కానీ దానికి నీళ్లని పీహెచ్ 2.8 దగ్గరికి దించాలి, తర్వాత మళ్లీ పైకి తేవాలి. యాసిడ్, క్షారం రెండూ చివరికి ఉప్పుగానే మిగులుతాయి. బ్యాక్టీరియా పని అయిపోయాక మిగిలే కొద్దిపాటి రంగు తీయడానికి పనికొస్తుందేమో, మొదటి మెట్టుగా కాదు.

నన్ను అడిగితే టానరీలో ఎండ చేసే గొప్ప పని ఎవరూ వీడియో తీయనిది, బురద ఆరబెట్టడం. ఈటీపీ బురదలో 95 శాతం నీళ్లే. ఇసుక, కంకర పరిచిన మడిలో జానెడు మందం పోస్తే సగం నీళ్లు కిందికి దిగిపోతాయి, మిగతాది ఎండ చూసుకుంటుంది. ఏప్రిల్‌లో వారం, పది రోజులకి చెరువు ఎండినప్పటి పెళ్లల్లా నెర్రెలిచ్చి పారకి వస్తుంది. బరువు పడిపోతుంది, లారీ కిరాయి పడిపోతుంది. మిషన్‌తో పిండాలంటే అయ్యే ఖర్చు చూస్తే దీని విలువ తెలుస్తుంది. వానాకాలానికి దీని మీద కూడా షీటు కప్పు.

క్రోమ్ మానేసి తంగేడు చెక్కతో ఊనితే ఈ గొడవే ఉండదు కదా అనీ అడిగావు. మన ఊళ్లలో లందల్లో తోళ్లు ఊనింది తంగేడు చెక్క, కరక్కాయతోనే. బతుకమ్మలో పేర్చే పువ్వు ఇచ్చే చెట్టే తోలుకి మందు కూడా. తోలు బాగుంటుంది, చెప్పులకి, డప్పులకి వంక పెట్టనక్కర్లేదు. అయితే ఆ కషాయం నీళ్లు నల్లగా ఉంటాయి, బ్యాక్టీరియాకి కూడా నెమ్మదిగా అరుగుతాయి. క్రోమ్ బాధ తప్పుతుంది, ఉప్పూ సున్నమూ అలాగే ఉంటాయి. తంగేడు పెంచకుండా నరుక్కుంటూ పోతే చెక్క ఎన్నాళ్లు దొరుకుతుందో అదీ చూసుకో.

ఇక స్థలం. టానరీ రెడ్ కేటగిరీ, అంటే ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమల జాబితాలోది, పొల్యూషన్ బోర్డు అనుమతి లేనిదే పునాది కూడా తీయొద్దు. నీ భూమి నల్లరేగడి అయితే వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, మడి అడుగున మందపాటి షీటు పరచకపోతే ఉప్పు నేరుగా బోర్లలోకి దిగుతుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. నీ గట్టు తెగితే నీళ్లు నీ కింది చెరువుతో ఆగవు, దాని అలుగు దూకి తర్వాతి దానికి పోతాయి. తమిళనాడులో టానరీల మురుగుతో పాలార్ నది ఒడ్డున బావులు చెడిపోయిన కథ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996లో ఇచ్చిన ఆ తీర్పులోనే, పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు కట్టాలన్నారు.

డబ్బు పెట్టే ముందు ఒక పని చెయ్యి. రెండు వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులు మీ మిద్దె మీద పెట్టు. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఉప్పు పట్టించిన తోలు నానబెట్టిన నీళ్లు, రెండూ నాలుగు వేళ్ల లోతు. లోపల స్కేలు అంటించి రోజూ పొద్దున ఎనిమిదింటికి నోట్‌బుక్‌లో రాయి. వాన పడిన రోజు వేరే రంగు పెన్నుతో రాయి. ఇప్పటినుంచి సెప్టెంబరు దాటేదాకా ఆపకు. ఆ నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పంపు, 26 గుంటల లెక్క నీ సొంత అంకెలతో మళ్లీ వేద్దాం.